అమ్మకపు పన్ను నమోదు హద్దు: హోసూరు, కృష్ణగిరి చిన్న వర్తకులకు ఒక పాఠము

హోసూరు బజారులో గాని, కృష్ణగిరి పాతపేటలో గాని క్రొత్తగా అంగడి పెట్టిన వానిని “పన్ను నంబరు తీసికొంటిరా?” అని అడిగినచో, “ఇంకను నలువది లక్షలు కాలేదు గదా, అప్పుడే దేనికండీ?” అని బదులు వచ్చును. ఈ బదులు సగము సరియైనది. తక్కిన సగములోనే ప్రమాదము దాగియున్నది. ఏలయన, ఆ నలువది లక్షలు అంగడి లెక్క కాదు, మనిషి లెక్క. పన్ను పడు సరుకుల లెక్క మాత్రమే కాదు, పన్ను పడని వాని లెక్క కూడ. ఇక రాష్ట్రపు సరిహద్దు దాటి సరుకు అమ్మిన వానికి ఆ హద్దే లేదు. కర్ణాటక సరిహద్దును ఆనుకొని హోసూరు, ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా వేపనపల్లి, బర్గూరు ఉన్నవి కనుక ఈ సీమ వర్తకుడు ఈ మూడు సంగతులను తక్కినవారికంటె ఎక్కువ శ్రద్ధతో తెలిసికొనవలసి యున్నది.

అమ్మకపు పన్ను ఈ సీమకు పరాయిది కాదు. దానిని ఈ దేశమునకు తెచ్చిన చక్రవర్తి రాజగోపాలాచారిగారు 1878 డిసెంబరు 10వ తేదీన హోసూరు సమీపమున తొరపల్లి గ్రామమున జన్మించిరి. 1937లో మద్రాసు రాజధానికి ప్రధానియై, ఆ సంవత్సరము అక్టోబరు 1వ తేదీనుండి సేలం జిల్లాలో మద్యనిషేధము అమలు జరిపిరి. నాడు హోసూరు, కృష్ణగిరి తాలూకాలు సేలం జిల్లాలోనివే. ధర్మపురి జిల్లా 1965లోను, దానినుండి కృష్ణగిరి జిల్లా 2004లోను వేరుపడెను. కల్లు, సారాయిలమీద వచ్చు ఆదాయము పోగా ఖజానాకు లోటు ఏర్పడెను. ఆ లోటు పూడ్చుటకై 1939లో మద్రాసు సాధారణ అమ్మకపు పన్ను చట్టము వచ్చెను. సరుకుల అమ్మకముమీద సాధారణముగా పన్ను వేసిన చట్టములలో ఇండియాలో ఇదియే మొదటిది. కల్లు దుకాణము మూతపడగా తప్పిపోయిన ఆదాయమును బట్టల దుకాణము భరింపవలసి వచ్చినదని కొందరు వర్తకులు అనుకొని యుండిన, అందులో అసత్యమేమియు లేదు.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము వేరుపడినప్పుడు హోసూరు సీమలోని తెలుగువారు మద్రాసు రాష్ట్రములోనే ఉండిపోయిరి. ఐనను కొన్నియేండ్ల పాటు ఇరువురికిని పన్ను చట్టము ఒక్కటే. 1957లో ఆంధ్రప్రదేశ్, 1959లో మద్రాసు తమ తమ క్రొత్త చట్టములు చేసికొనెను.

ఆ పాత చట్టపు హద్దు ఎట్లుండెనో తెలిసికొన్నచో నేటి హద్దు స్వభావము చక్కగా బోధపడును. 1950 తరువాతి తొలియేండ్లలో సంవత్సరపు టర్నోవరు 10,000 రూపాయలకు లోబడిన వర్తకునికి పన్ను లేదు. 10,000 అయినచో రూపాయికి 3 పైల చొప్పున పన్ను. అణాకు 12 పైలు, రూపాయికి 192 పైలు గనుక నూరు రూపాయలకు 1 రూపాయి 9 అణాలు పడును. ఇందు గమనింపవలసినది ఒకటి కలదు. 9,900 రూపాయలు అమ్మినవానికి పన్ను సున్న. 10,000 అమ్మినవానికి మొదటి రూపాయి మొదలుకొని లెక్క కట్టుదురు, అనగా 156 రూపాయల 4 అణాలు. నూరు రూపాయల అమ్మకము ఎక్కువైనందులకు నూటయేబదియారు రూపాయల పన్ను! ఈ హద్దు మెట్టు వంటిది కాదు, గట్టు వంటిది. సంవత్సరాంతమున చివరి బేరమును వాయిదా వేయవలెనను ఆశ ఎంతటి నిజాయితీపరునికైనను పుట్టక మానదు.

1959 చట్టమునందును 10,000 రూపాయల హద్దే ఉండెను. వర్తకులు దేనినైనను బంగారముతో తూచి చూతురు గనుక ఈ హద్దునుగూడ తూచి చూడవచ్చును. ఆ రోజులలో 10 గ్రాముల మేలిమి బంగారము ఇంచుమించు 100 రూపాయలు. అనగా 10,000 రూపాయల టర్నోవరు ఒక కిలో బంగారముతో సమానము. 2025లో 10 గ్రాముల ధర లక్ష దాటినది. కావున నేటి 40 లక్షలు 400 గ్రాములకు మించదు. అంకె పెరిగినది గాని, బంగారపు వర్తకుని దృష్టిలో హద్దు సగముకంటె తక్కువకు దిగినది. బంగారు నగల వ్యాపారి ఎంత చిన్నవాడైనను నమోదు తప్పించుకొనలేక పోవుటకు కారణమిదే.

నడుమ 2007 జనవరి 1వ తేదీన తమిళనాడులో విలువ ఆధారిత పన్ను, అనగా వ్యాట్ అమలులోనికి వచ్చెను. అందు రెండు హద్దులుండెను. కొనుగోలును అమ్మకమును రెండును రాష్ట్రములోపలనే జరుపు వర్తకునికి 10 లక్షలు, తక్కినవారికి 5 లక్షలు. సేలంనుండి చీరలు తెచ్చి కృష్ణగిరిలో అమ్మువానికి పది, బెంగళూరు చిక్కపేటనుండి తెచ్చి హోసూరులో అమ్మువానికి అయిదు. ఇద్దరి అంగళ్ళు ఒకే పరిమాణములో నున్నను సరిహద్దు పట్టణపు వర్తకుడు సగము హద్దుకే నమోదు చేసికొనవలసి వచ్చెను. చెన్నపట్టణమున కూర్చుండి వ్రాసిన చట్టములు సరిహద్దు ఊళ్ళ సంగతి మరచుట క్రొత్త కాదు. “బెంగళూరునుండి సరుకు తెచ్చినచో నంబరు తీసికొనవలెను” అని నేటికిని పెద్దవారు చెప్పుట ఆనాటి జ్ఞాపకమే. నేటి చట్టమున అది నిజము కాదు. ఇతర రాష్ట్రమునుండి కొనుట వలన నమోదు అవసరము కలుగదు, ఇతర రాష్ట్రమునకు అమ్ముట వలననే కలుగును.

2017 జూలై 1వ తేదీన వస్తు సేవల పన్ను, అనగా జి.ఎస్.టి. వచ్చెను. హోసూరు జూజువాడి వద్ద లారీలు బారులు తీరిన వాణిజ్య పన్నుల తనిఖీ కేంద్రము అంతటితో అంతరించెను. క్రొత్త చట్టమునందు మొదట నమోదు హద్దు 20 లక్షలు. 2019 ఏప్రిల్ 1వ తేదీనుండి కేవలము సరుకులు మాత్రమే అమ్మువారికి ఆ హద్దును 40 లక్షలకు పెంచిరి. తమిళనాడు, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ ఈ పెంపును స్వీకరించెను. తెలంగాణలో మాత్రము 20 లక్షల హద్దే నిలిచెను. హైదరాబాదులోని బంధువుల మాట విని హోసూరులో లెక్క వేయుట గాని, హోసూరు లెక్కను హైదరాబాదులో చెప్పుట గాని పనికిరాదు.

“కేవలము సరుకులు మాత్రమే” అను మాటవద్ద ఆగి ఆలోచింపవలెను. సేవ ఏదైనను చేసి ప్రతిఫలము పుచ్చుకొన్నచో 40 లక్షల హద్దు పోయి 20 లక్షలకు దిగును. ఒక ఉదాహరణ తీసికొనుడు. హోసూరులో ఒకరు క్రింది అంతస్తున బట్టల అంగడి నడుపుచు సాలుకు 17 లక్షల 50 వేలు అమ్ముచున్నారు. మేడమీది రెండు గదులు ఒక సంస్థకు ఆఫీసు నిమిత్తము నెలకు 25,000కు బాడుగకిచ్చినారు, అనగా సాలుకు 3 లక్షలు. బాడుగ సేవ క్రిందికి వచ్చును. కావున వీరి హద్దు 20 లక్షలు, మొత్తము 20 లక్షల 50 వేలు. నమోదు తప్పదు. అంగడి అమ్మకము సగము హద్దైన చేరలేదని నిశ్చింతగా నున్న మనిషికి మేడమీది బాడుగ చిక్కు తెచ్చెను. నగల అంగడిలో ఇతరుల నగలు బాగుచేసి కూలి పుచ్చుకొనుట, కుట్టుకూలి, అద్దె సామాను, ఇవన్నియు ఈ తెగకు చేరినవే.

ఇందుకు ఒక మినహాయింపు కలదు. అది ఈ ప్రాంతపు జైన కుటుంబములలో పలువురికి సంబంధించినది. అప్పులమీద వచ్చు వడ్డీ పన్ను లేని సేవ. అది చేయుచున్నంత మాత్రమున “కేవలము సరుకులు అమ్మువాడు” అను స్థానము పోదు, 40 లక్షల హద్దు నిలుచును. ఐతే ఆ వడ్డీ మొత్తము టర్నోవరులో మాత్రము కలియును. బట్టల అంగడిలో 36 లక్షలు, కుదువ వ్యాపారములో వడ్డీ 5 లక్షలు వచ్చినచో మొత్తము 41 లక్షలు. నమోదు చేసికొనవలెను, వడ్డీమీద పన్ను కట్టనక్కరలేదు. అసలు మొత్తము లెక్కలోనికి రాదు, వడ్డీ మాత్రమే వచ్చును. కుదువ పెట్టిన వస్తువునకు మదింపు రుసుమని, కాగితముల ఖర్చని వేరుగా పుచ్చుకొన్నచో అది వడ్డీ కాదు, పన్ను పడు సేవ. 1943 నాటి కుదువ వ్యాపారుల చట్టము క్రింద లైసెన్సు ఉన్నంత మాత్రమున ఈ నమోదు జరిగినట్లు కాదని కూడ తెలియవలెను. ఆ రెండు ఆఫీసులు వేరు, కాగితములు వేరు.

మూల అంగళ్ళవారు మరియొకటి చూచుకొనవలెను. పొగాకు వస్తువులు, పాన్ మసాలా, ఐస్‌క్రీము, 2022 ఏప్రిల్ నుండి ఇటుకలు, వీనిని అమ్మువారికి 40 లక్షల హద్దు వర్తింపదు. పచారీ అంగడిలో ఒక మూల బీడీ కట్టలు, సిగరెట్టు పెట్టెలు పెట్టి అమ్మినను 20 లక్షలే. ఈ సంచిక చదువు ఇండ్లలో పొగాకు అమ్మకము అరుదు గావచ్చును గాని, అంగడి ఇతరులకు అప్పగించి నడుపువారు ఆ మూలలో ఏమి అమ్ముచున్నారో ఒకసారి చూచుట మంచిది.

ఇక “మొత్తము టర్నోవరు” అను మాట. ఒక్క పాన్ నంబరు క్రింద ఇండియా అంతటను జరుగు అమ్మకములన్నియు ఒక్కటిగా కూడవలెను. పన్ను పడునవి, పన్ను పడనివి, ఎగుమతులు, అన్నియు. కూడనక్కరలేనిది ఆ పన్ను మొత్తము మాత్రమే. ఒకే మనిషికి హోసూరులో 24 లక్షల అంగడి, అత్తిబెలెలో 18 లక్షల అంగడి ఉన్నవనుకొనుడు. ఒక్కొక్కటి 40కి చాల తక్కువ. రెండును కలిసి 42 లక్షలు. హద్దు దాటినది. తమిళనాడులో ఒకటి, కర్ణాటకలో ఒకటి, రెండు నమోదులు కావలెను. అట్లు నమోదైన పిమ్మట తన హోసూరు అంగడినుండి తన అత్తిబెలె అంగడికే సరుకు పంపినను, బయటివానికి అమ్మినట్లే బిల్లు వ్రాసి పన్ను చూపవలసి యుండును. చట్టము దృష్టిలో ఆ రెండు అంగళ్ళు ఇద్దరు వ్యక్తులు. నమోదుకు ముందు కూడునప్పుడు ఒక్కడు, కూడిన తరువాత ఇద్దరు! ఈ వింత చదువరులకు నవ్వు పుట్టించినను బిల్లు వ్రాయుట మానరాదు.

ఉమ్మడి కుటుంబములలో ఈ లెక్క ఇంకను సూక్ష్మముగా ఉండును. తండ్రికి ఒక పాన్, హిందూ అవిభక్త కుటుంబమునకు వేరొక పాన్, అన్నదమ్ముల భాగస్వామ్య సంస్థకు మరొకటి. ఆదాయపు పన్ను చట్టమునకు జైన కుటుంబములును అవిభక్త కుటుంబములే. ఇవి వేరువేరు వ్యక్తులు గనుక వేరువేరు హద్దులు వర్తించును. భార్య తన పెట్టుబడితో, తన బ్యాంకు ఖాతాతో, తన కొనుగోలు బిల్లులతో అత్తిబెలెలో అంగడి నడిపినచో ఆ 18 లక్షలు ఆమెవే. కాని ఒకే గల్లాపెట్టె, ఒకే సరుకు గది, ఒకే గుమాస్తా, పేరు పలకలు మాత్రము రెండు అయినచో అది విభజన కాదు, వేషము. తనిఖీకి వచ్చిన అధికారి మొదట అడుగునది పేరు కాదు, సరుకు కొన్న డబ్బు ఎక్కడిదని. శ్రావకుని అస్తేయవ్రతమునకు చెప్పబడిన అతిచారములలో దొంగ తూనికలతోబాటు విరుద్ధ రాజ్యాతిక్రమము కూడ ఉన్నదని పెద్దలు ఎరుగుదురు. అందుచేత ఇండ్లలో ఈ విషయము లెక్కల గుమాస్తాకు మాత్రమే వదలబడలేదు.

కృష్ణగిరి సీమకు వ్యాపారమనగా బట్టలు, బంగారము మాత్రమే కాదు. మామిడి, చింతపండు, రాగి, పట్టుగూళ్ళు ఉన్నవి. ఇచ్చట చట్టము మెత్తనైనది. తన భూమిలో తాను గాని, తన కుటుంబము గాని, తన స్వంత పర్యవేక్షణలో కూలీలు గాని పండించిన పంటను అమ్ము రైతుకు నమోదు లేదు, ఎన్ని లక్షలైనను లేదు. పంట కొని అమ్ము దళారి కూడ పన్ను లేని సరుకులు మాత్రమే అమ్మినచో నమోదు అక్కరలేదు. పచ్చి మామిడిపండ్లు, పట్టుగూళ్ళు పన్ను లేనివి. ఎండు చింతపండుమీద మొదట 5 శాతము ఉండెను, 2019 అక్టోబరు 1వ తేదీనుండి దానిని తొలగించిరి. కోటి రూపాయల చింతపండు అమ్మిన వర్తకునికి నమోదు అక్కరలేదనుట వినుటకు వింతగా నున్నను నిజము.

కాని ఆ స్వేచ్ఛ “మాత్రమే” అను మాట మీద ఆధారపడి యున్నది. అదే చింతపండు వర్తకుడు 38 లక్షల చింతపండుతోబాటు 3 లక్షల ప్లాస్టికు సంచులు, పురికొస అమ్మెననుకొనుడు. పన్ను పడు సరుకు 3 లక్షలే. ఐనను మొత్తము 41 లక్షలైనది, నమోదు కావలెను. పన్ను మూడు లక్షలమీదనే, లెక్కలు చూపుట మాత్రము నలువదియొక్క లక్షలకు. రాగి సంగతియు ఇట్టిదే. మూట విప్పి కొలిచి ఇచ్చు రాగులకు పన్ను లేదు. 25 కిలోలకు మించని సంచిలో ముందుగానే కట్టి చీటీ అంటించి అమ్మిన రాగులకు 2022 జూలై 18వ తేదీనుండి 5 శాతము పడును. గింజ అదే, సంచి మారినది. సంచి మారుటతో అంతవరకు నమోదు ఊసే లేని ధాన్యపు వర్తకుడు హద్దు లెక్కలోనికి వచ్చును. మామిడిపండు డబ్బాలోని రసమైనప్పుడును అంతే.

ఇక సరిహద్దు. పన్ను పడు సరుకును ఇతర రాష్ట్రమునకు సరఫరా చేయువానికి హద్దు సున్న, కొన్ని చేతిపని వస్తువులకు తప్ప. మొదటి బేరమే పదివేల రూపాయలదైనను నమోదు ముందు, బేరము తరువాత. ఇది నేటి నియమము కాదు. 1957 జూలైలో కేంద్ర అమ్మకపు పన్ను అమలైననాటి నుండి ఇంతే. ఆనాడు హోసూరు వర్తకుడు మైసూరు రాష్ట్రములోని బెంగళూరు అంగడికి ఒక బేలు పంపినను, టర్నోవరు ఎంతయని అడుగకయే కేంద్ర చట్టము క్రింద నమోదు కోరెడివారు.

అయితే ఇతర రాష్ట్రపువాడు వచ్చి కొన్నంత మాత్రమున అది రాష్ట్రాంతర అమ్మకము కాదు. కుప్పంనుండి పెండ్లి చీరలకై బర్గూరు వచ్చినవారు అంగడిలో డబ్బిచ్చి మూట చేతబట్టుకొని పోయినచో సరుకు అప్పగింత బర్గూరులోనే ముగిసినది, అది తమిళనాడు అమ్మకమే. అదే మూటను అంగడివాడు పార్సిలు కట్టి కుప్పం పంపినచో అమ్మకము ఆంధ్రకు చేరును. 2023 అక్టోబరు 1వ తేదీనుండి ఇందులో మరియొక సూక్ష్మము చేరినది. నమోదు లేని కొనుగోలుదారునికిచ్చు బిల్లులో ఏ రాష్ట్రపు చిరునామా వ్రాయబడునో అదే సరఫరా స్థానముగా లెక్క. చిరునామా లేనిచో అమ్మువాని స్థానమే లెక్క. రాష్ట్రము పేరు మాత్రము వ్రాసినను చిరునామా వ్రాసినట్లే. బెంగళూరు వారు మర్యాదకు “మా యింటి అడ్రసు వ్రాయండి” అని కోరినప్పుడు, నమోదు లేని హోసూరు వర్తకుడు ఆ ఒక్క పంక్తి వ్రాయుటతో రాష్ట్రాంతర సరఫరా చేసినవాడగును. కలము ఎత్తుటకు ముందు ఈ సంగతి జ్ఞాపకముండవలెను.

హద్దు దాటిన తరువాత ఏమగును? పాత చట్టపు గట్టు ఇచ్చట లేదు. దాటిన దినమునుండియే పన్ను, అంతకుముందు అమ్మిన 40 లక్షలమీద లేదు. ఇది చిన్న వర్తకునికి గొప్ప మేలు. కాని ఈ మేలు 30 దినముల గడువుతో కూడినది. బట్టల వర్తకుని లెక్క నవంబరు 10వ తేదీన 40 లక్షలు దాటినదనుకొనుడు. డిసెంబరు 10వ తేదీలోపల అర్జీ పెట్టినచో నవంబరు 9వ తేదీనాడు అంగడిలో నిలువయున్న సరుకుమీద తాను కొన్నప్పుడు కట్టిన పన్ను, బిల్లులు ఏడాదికి లోపలివైనచో, తిరిగి జమ దొరకును. 12 లక్షల బట్ట నిలువ ఉన్నచో 5 శాతము చొప్పున 60,000 రూపాయలు. అర్జీ గడువు దాటినచో ఆ జమ పోయినట్లే.

ఆలస్యపు ఖర్చు అంతటితో ఆగదు. నెలకు 5 లక్షల 50 వేలు అమ్ము ఆ వర్తకుడు నాలుగు నెలలు ఊరకుండెననుకొనుడు. ఆ 22 లక్షలమీద 5 శాతము, అనగా 1,10,000 రూపాయల పన్ను. గిరాకీలవద్ద వసూలు చేయలేదు గనుక స్వంత మూలధనమునుండి కట్టవలెను. పోయిన జమ 60,000 దానికి చేర్చినచో 1,70,000. నూటికి పది చొప్పున లాభము మిగిలెడి అంగడియైనచో ఆ నాలుగు నెలల లాభము 2,20,000. దానిలో మూడువంతులకు పైగా పోయినది. ఇదిగాక 18 శాతము వడ్డీ. నమోదు చేసికొననందుకు 10,000 రూపాయలు గాని, ఎగవేసిన పన్నుకు సమానమైన మొత్తము గాని, ఏది ఎక్కువైన అది జరిమానా. అంతయు కలిసినచో మిగిలిన లాభము చాలక అప్పు చేయవలసి వచ్చును. నమోదుకు ప్రభుత్వ రుసుము ఒక్క పైసా లేదు. ఇంతటి నష్టము ఒక ఉచితపు అర్జీ పెట్టనందువలన కలుగుచున్నది.

ఇది ఊహ మాత్రము కాదని 2025 జూలైలో బెంగళూరు చూపెను. కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖవారు యు.పి.ఐ. ద్వారా వచ్చిన డబ్బు లెక్కలు తెప్పించి, హద్దు దాటినట్లు కనుపించిన వేలకొలది చిన్న వర్తకులకు తాఖీదులు పంపిరి. టీ కొట్లవారు, బేకరీలవారు, పాలు కూరగాయలు అమ్మువారు అందులో ఉండిరి. పలువురు అంగళ్ళలోని క్యూ.ఆర్. పలకలు తీసివేసి “రొక్కము మాత్రమే” అని కాగితములు అంటించిరి. గొడవ పెద్దదైన పిమ్మట పాత బకాయిలు వసూలు చేయబోమని, ఇకమీదట నమోదు మాత్రము తప్పదని ముఖ్యమంత్రి సిద్ధరామయ్యగారు చెప్పిరి. కూరగాయలు, పాలు పన్ను లేనివి. ఖాతాలో పడినదంతయు అమ్మకము కాదు. బావమరిది పంపిన చేబదులు, చీటీ డబ్బు, కుదువ విడిపించుకొన్న అసలు కూడ అదే ఫోనుకు వచ్చును. ఆ సంగతి రుజువు పరచు భారము పద్దు వ్రాయని వానిమీద పడినది. రొక్కమునకు మరలుట దానికి మందు కాదు, రొక్కముతో అమ్మినను టర్నోవరు టర్నోవరే. అంగడికి ఒక ఖాతా, ఇంటికి ఒక ఖాతా వేరు చేసికొన్నవానికి తాఖీదు వచ్చినను ఒక పూట పని.

హద్దు దాటిన చిన్న వర్తకుడు నెలనెలా లెక్కలకు జంకినచో కాంపొజిషను పద్ధతి కలదు. తమిళనాడులో క్రిందటి సాలు టర్నోవరు 1 కోటి 50 లక్షలు దాటని సరుకుల వర్తకుడు అమ్మకముమీద 1 శాతము కట్టి, మూడు నెలలకొకసారి మొత్తము చెల్లించి, సాలుకొక లెక్క దాఖలు చేయవచ్చును. ఈ అర్హత చూచునప్పుడు కుదువ వడ్డీని కూడనక్కరలేదు. గిరాకీవద్ద పన్ను పుచ్చుకొనరాదు, కొనుగోలు పన్నుకు జమ రాదు, ఇతర రాష్ట్రమునకు అమ్మరాదు. ఒకే పాన్ మీదనున్న అంగళ్ళన్నియు ఇందులో చేరవలెను, ఒకటి చేరి ఒకటి మానరాదు. వీధి గిరాకీలకు చిల్లరగా అమ్ము అంగడికి ఇది మంచిది. నమోదైన ఇతర వర్తకులకు టోకుగా అమ్మువానికి మంచిది కాదు. వారికి జమ దొరకదు గనుక వారు ప్రక్క అంగడికి పోవుదురు.

హద్దుకు దగ్గరగా ఉన్నవారు చేయవలసిన పని చిన్నది. రోకడి పుస్తకమున ప్రతి నెల చివర ఒక పంక్తి: ఏప్రిల్ 1వ తేదీనుండి ఆ నాటివరకు పాన్ మీది అన్ని అమ్మకముల కూడిక, ప్రక్కనే వడ్డీ, బాడుగ వేరుగా. 30 లక్షలు దాటినప్పటినుండి వారమునకొకసారి. దీపావళి నెల, పెండ్లి ముహూర్తముల నెల వచ్చినచో దినమునకొకసారి, ఏలయన హద్దు దాటుట ఎక్కువగా ఆ నెలలలోనే జరుగును. తరువాత ఏదేని సంవత్సరమున వ్యాపారము తగ్గి హద్దుకు లోబడినచో నమోదు రద్దునకు అర్జీ పెట్టుకొనవచ్చును. అప్పుడు నిలువ సరుకుమీద లోగడ పుచ్చుకొన్న జమ తిరిగి కట్టి, రద్దైన 3 నెలలలోపల ఆఖరి లెక్క దాఖలు చేయవలెను.